శుక్రవారం బిందె

పెడన నేతవీధిలో హెప్సిబాను అందరూ "దోమలమ్మాయి" అంటారు. పాపం, దోమల్ని లేకుండా చేసే మనిషికి పెంచే మనిషి పేరు పెట్టారు. బంటుమిల్లి వైపు నుంచి కోడలిగా వచ్చి, ఆరోగ్యశాఖలో కాంట్రాక్టు ఉద్యోగం సంపాదించింది. ఇల్లు ఆ జీతం మీదే గడుస్తోంది.

ఇంటింటికీ వెళ్ళి నిలవనీళ్ళు పారబోయించడం ఆవిడ పని. అందుకు పైవాళ్ళు పెట్టిన రోజు శుక్రవారం, "డ్రై డే". ఫ్రైడేకి డ్రై డేకి ప్రాస కుదిరింది. అంతకు మించి కారణం నాకైతే కనబడలేదు.

"బ్రాందీషాపు మూసేస్తారా అమ్మాయ్?" అని ఆ వీధిలోనే ఉండే సుబ్రహ్మణ్యం కంగారుపడ్డాడు. ఆయన భార్య కోటేశ్వరమ్మ గుమ్మమే ఎక్కనివ్వలేదు.

"శుక్రవారం పూట నిండుబిందె బోర్లించమంటావా? లక్ష్మీదేవిని వెళ్ళగొట్టడం కాదూ?"

"దోమలు వెళ్తాయి పిన్నిగారూ."

"వాటితోపాటు ఆవిడా వెళ్తే?"

హెప్సిబా వాదించలేదు. ఆదివారం చర్చి మానమంటే తను మాత్రం మానుతుందా? గురువారం రావడం మొదలుపెట్టింది. గురువారం వీధంతా బిందెలు, తొట్లు తోమి ఆరబెట్టేవాళ్ళు. శుక్రవారం పొద్దున్నే నింపి పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్ళు. ఆ వానాకాలం వీధిలో ఎవరికీ జ్వరం రాలేదు. పని రూలు ప్రకారం జరగలేదు, అదొక్కటే లోపం.

ఓ శుక్రవారం బందరు నుంచి ఆఫీసరు జీపులో వచ్చి ఆ లోపాన్ని పట్టుకున్నాడు. గుమ్మం గుమ్మానా నిండుబిందె!

"డ్రై డే నాడు ఇన్ని నీళ్ళా?"

"నిన్ననే అన్నీ పారబోశారండీ. ఇవి ఇవాళ పట్టినవండీ."

"నిన్న గురువారం! రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

హెప్సిబాకి ఏడుపొచ్చేసింది. అరుగు మీంచి చూస్తున్న కోటేశ్వరమ్మ లేచి, గుమ్మంలోని బిందె ఎత్తి, ఆఫీసరు బూట్ల ముందే వంచేసింది.

"చాలాండీ? లక్ష్మీదేవికి నేను చెప్పుకుంటాను. ఈ పిల్ల ఉద్యోగం జోలికి మాత్రం రాకండి."

ఆవిణ్ణి చూసి వీధంతా బిందెలు వంచేసింది. ఆఫీసరు తడిసిన బూట్లతోనే డ్రై డే ఫొటో తీసుకుని, హెప్సిబాను మెచ్చుకుని మరీ వెళ్ళాడు.

అప్పటికి కుళాయి కట్టేశారు. సాయంత్రం దీపాలవేళకి కోటేశ్వరమ్మ ఖాళీ బిందె ముందు దిగులుగా కూర్చుంది. అప్పుడు హెప్సిబా తన ఇంట్లో పొద్దున పట్టుకున్న నిండుబిందె చంకనెత్తుకుని వచ్చి, గుమ్మం బయటే ఆగింది.

"పసుపు మీరే పెట్టుకోండి పిన్నిగారూ."

కోటేశ్వరమ్మ పక్కకి జరిగింది.

"అక్కడే నిలబడతావేం? కుడికాలు పెట్టి లోపలికి రా."