పేర్లు చెక్కే సౌందరం, చేతిలో లేజరు

ఆర్.ఎస్. పురంలో ఒక పాత్రల అంగడిలో సౌందరం ఇరవై ఎనిమిదేళ్లు గిన్నెల మీద పేర్లు చెక్కింది. పెళ్లికి కొన్న అండా అయినా, పసిపిల్లకు పప్పన్నం పెట్టే చిట్టి గిన్నె అయినా, పేరు పడాలంటే ఆమె ముందుకు రావలసిందే. చదివింది మూడో తరగతి. ఇంట్లో మాట తెలుగు, ఊరు తమిళుల ఊరు కాబట్టి రాత తమిళం. తెలుగు అక్షరం ఎదురైతే ముగ్గు చూసినట్టు చూస్తుంది. అయితేనేం, పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఆమె రాసిన గిన్నెను వెలుతురుకు తిప్పి తిప్పి చూసుకుని పోయేవాళ్లు. అక్షరం తోకను ఆమె విరిచినట్టు విరవడం మరొకరి వల్ల కాలేదు. ఈ సంగతి ఆమెకు బాగా తెలుసు, ఎదుటివాళ్లకు తెలియకపోతే చెప్పేది.

మొన్న సంక్రాంతి వచ్చే తై నెలలో అంగడి యజమాని ఇళంగో లేజరు యంత్రం తెచ్చిపెట్టాడు. గాజు పెట్టెలో గిన్నె పెట్టి కంప్యూటరులో పేరు కొడితే చాలు, ఒక మెరుపు చుక్క గిన్నె మీద చీమలా పరుగెత్తి పేరు రాసేస్తుంది. సౌందరాన్ని గిన్నెలు తుడిచి సర్దే పనికి మార్చారు. కోపం రావలసిన చోట ఆమెకు వింత పుట్టింది. మొన లేదు, దెబ్బ లేదు, వెలుగు వచ్చి లోహాన్ని గీకడమేమిటి? మూడు రోజులు గుడ్డ చేతిలో పట్టుకుని ఆ పెట్టె ముందే నిలబడింది.

"ఇళంగో, దాన్ని పెట్టెలోంచి తీసి నా చేతికియ్యి. నేను రాస్తా."

"అదేం పెన్నా అక్కా, చేత్తో పట్టను? వెలుగుకు మనిషి చెయ్యి తెలీదు. కంప్యూటర్ చెప్తేనే వింటుంది."

ఆ మాట ముల్లులా దిగింది. యంత్రం రాసిన అక్షరాలన్నీ ఒకే అచ్చు. తన అక్షరం, తన తోక, వెలుగుతో పడుతుందా పడదా? అది తేల్చుకోకపోతే ఆమెకు అన్నం సహించేలా లేదు.

సింగానల్లూరులో ఆమె మరిది నవనీతకృష్ణన్ ఉన్నాడు. పంపుల కంపెనీలో నలభై ఏళ్లు పనిచేసి దిగిపోయినవాడు. ఇంటి వెనక షెడ్డులో ఇనుము తరిగే ఒక పాత లేతు, నాలుగు డబ్బాల మరలు పెట్టుకుని, ఎవరికీ అక్కరలేని వస్తువులు శ్రద్ధగా చేస్తుంటాడు.

"నవనీతా, చేత్తో పట్టుకునే లేజరు చేసిస్తావా?"

"ఎవురి మీద కోపం వదినె?"

"ముందు నీ మీసం కాల్చి చూస్తాను. తర్వాత మిగతావాళ్లు."

అతను పాత కంప్యూటరులోంచి డీవీడీ రాసే పెట్టె ఊడదీసి, లోపలి నుంచి బియ్యపు గింజంత డయోడు తీశాడు. డీవీడీ పళ్లెం మీద పాటలు రాసే వెలుగు దీనిదేనని చెప్పాడు.

"అట్లయితే దానికి రాయడం ముందే వచ్చు," అంది సౌందరం తృప్తిగా.

మోటార్లు బాగుచేసేవాళ్లకు ఒక పాడు అలవాటు ఉంటుంది. తీగలో కరెంటు ఉందో లేదో చూడాలంటే కొసను ఇనుముకు ఒకసారి తాకిస్తారు. రవ్వ లేస్తే ఉన్నట్టు. నవనీతకృష్ణన్ చెయ్యి ఆలోచించకుండా బ్యాటరీ తీగను డయోడుకు తాకించి అదే పని చేసింది. చిటుక్కుమంది. ఆపైన డయోడు అగరుబత్తి కొసలా గుడ్డిగా వెలిగింది తప్ప కాగితాన్ని కూడా వెచ్చబరచలేదు.

"చంపేస్తివే."

"మోటారైతే చావదు వదినె."

"ఇది మోటారా? నువ్వు చేతులు కట్టుకుని కూర్చో."

ఉక్కడంలో పాత సామాన్ల అంగడికి పోయి ఇంకో పెట్టె తెచ్చారు. ఈసారి తీగలు అతికే పని సౌందరం తీసుకుంది. వెంట్రుకంత గీత తప్పకుండా గీసిన చెయ్యి అది, సీసం బొట్టు ఎక్కడ పడాలో అక్కడే పడింది. కరెంటు మితిమీరకుండా ఒక చిన్న సర్క్యూటు, అల్యూమినియం గొట్టం, ముందు వెలుగును ఒక చుక్కగా చేర్చే అద్దం, వెనక బ్యాటరీ. చూడటానికి మామూలు టార్చిలైటే.

ఆదివారం పొద్దున్నే, లేజరు కంట్లో పడకుండా పచ్చ కళ్లద్దాలు పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. ముందు స్టీలు గ్లాసు మీద పెడదామంది ఆమె.

"మెరిసేదాని మీద వద్దు. తిరిగి వచ్చి కంట్లో పడుతుంది. పైగా దీని బలం స్టీలుకు చాలదు," అని అతను పొల్లాచ్చి నుంచి వచ్చిన, నున్నగా అరగదీసిన కొబ్బరి చిప్ప ముందు పెట్టాడు.

ఆమె వెలుగును చిప్ప మీదికి తిప్పగానే సన్నగా పొగ లేచింది. సౌందరం అలవాటు కొద్దీ ముఖం జానెడు దూరానికి వంచింది. పచ్చ అద్దాల్లోంచి చుక్క కనబడలేదు. మొన కనబడకుండా ఏ చెక్కేవాడు రాస్తాడు? అద్దాలు నొసటి మీదికి తోయబోయింది. నవనీతకృష్ణన్ టక్కున బ్యాటరీ పీకేశాడు.

"వదినె, కన్ను కావాలా, పేరు కావాలా?"

"రెండూ."

"అయితే అద్దం తీయొద్దు, అట్ల వంగొద్దు. ఇంకోసారి తీస్తే దీన్ని విప్పి డబ్బాలో వేస్తా."

ఆమెను గద్దించిన మనిషి ఈ మధ్య ఎవరూ లేరు. అద్దాలు సరిచేసుకుని, నిటారుగా కూర్చుని రాసింది. వచ్చిన గీత ఎద్దు ఉచ్చపోసినట్టు వంకర్లు పోయింది. మళ్లీ రాసింది. మళ్లీ అంతే. ఒకచోట కాలింది, ఒకచోట అంటనే లేదు.

అతను టీ తాగమంటే తాగలేదు. తన పాత చెక్కుడు ములికి తీసి ఒక గిన్నె మీద ఉత్తినే గీస్తూ కూర్చుంది. గీసి ఆగింది. స్టీలు ఎదురు తిరుగుతుంది, ఆ ఎదురు మీదే చెయ్యి ఆనుతుంది. వెలుగుకు బరువు లేదు, ఎదురు లేదు. ఆనడానికి ఏమీ లేక చెయ్యి తేలిపోతోంది.

"నవనీతా, దీనికొక ముక్కు పెట్టు."

"ముక్కా?"

"ఇత్తడి ముక్కు. చిప్పను తాకాలి. పొగ బాగా లేచే దూరం ఎంతో, అంతే పొడుగు. పొగ పోయేదానికి పక్కన సందు."

అతను లేచి లేతు తిప్పాడు. అరగంటలో ముక్కు తయారైంది. ఆమె చిప్ప మీద ఆనించి జరిపింది. సర్రుమని రాపిడి చేతికి తెలిసింది. బిగుసుకున్న భుజాలు సడలాయి.

పరీక్షకు అతని పేరే పెట్టుకుంది. పొడుగు పేరు, వంకర్లు ఎక్కువ. 'నవనీత' దాకా వచ్చేసరికి గొట్టం వేడెక్కింది.

"చాలు వదినె, మిగతాది రేపు."

"సగం పేరుతో తిరుగుతావా? చల్లారనీ."

చల్లారాక మిగతాది పూర్తిచేసి, బ్యాటరీ తీసి, అద్దాలు విప్పింది. అక్షరాలు గోధుమరంగులో నిలబడ్డాయి. తోక ఆమె విరిచినట్టే విరిగింది.

"ఇది నీ రాతే," అన్నాడు అతను నెమ్మదిగా.

"మరి ఇంకెవురిది?"

అంటూనే చిప్పను కిటికీ వైపు తిప్పింది. చెయ్యి తడబడి ఆగిన ప్రతిచోటా చిప్ప మాడి నల్లటి చుక్క పడింది. ములికైతే ఆ తడబాటును దాచేది. వెలుగు ఏదీ దాచలేదు, ఆమె ఎక్కడెక్కడ అనుమానపడిందో అన్నీ పెట్టింది. సౌందరం ఒకటొకటే వేలితో తడుముతూ లెక్కపెట్టింది. తొమ్మిది.

"ఇంకో చిప్ప తియ్యి," అంది.