ఎడమకి తిప్పితే కుడికెళ్లే బోటు

డొంకరాయి డ్యామ్ నీళ్ల మీద మా అమ్మాయి నడిపే బోటుకి స్టీరింగు బిగించినప్పుడు జరిగిన రభస తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా కొండల్లోకి సెల్‌ఫోన్లు ఇంకా రానప్పటి మాట.

అల్లుడు జ్వరంతో పోయాక అమ్మాయికి మిగిలింది ఆ బోటొక్కటే. వెనక చిన్న మోటారు వేలాడుతుంటుంది, దాని పిడి పట్టుకుని నడపాలి. సంతరోజు అవతలి గట్టు జనం చీపురు కట్టలు, పసుపు బుట్టలు, మేకలు అన్నిటితో ఎక్కేవారు. ఆ మూటల వెనక కూర్చున్న పిల్లకి ముందేముందో కనబడేది కాదు. డ్యామ్ కట్టినప్పుడు మునిగిన చెట్ల మోళ్లు ఎండాకాలం నీళ్లు తగ్గితే పైకి తేలతాయి. ఒక్కటి తగిలినా బోటు అడుగు చీలిపోతుందని రోజూ బెంగపడేది. ముందు కూర్చుని నడిపేలా స్టీరింగు పెట్టిద్దామన్నది నేనే. కొత్తది దండగని పాత ఇనుప సామాన్ల కొట్లో జీపు స్టీరింగొకటి ఏరి తెచ్చాను.

జీపులు బాగుచేసే మెకానిక్ వచ్చి, చక్రాన్ని ముందు చెక్కకి బిగించి, దాని వెనక, దాంతోపాటే తిరిగే డ్రమ్ముకి ఇనుప తీగ చుట్టి, రెండు పక్కలా కప్పీల మీంచి మోటారు దాకా లాగాడు. కుడికి తిప్పితే కుడికి, ఎడమకి తిప్పితే ఎడమకి. అమ్మాయి పట్టుకుని చూసి వద్దంది. మోటారు పిడిని ఎడమకి నెడితే బోటు కుడికి తిరుగుతుంది, ఏళ్ల తరబడి దాని చేతికి అదే అలవాటు. మోడు ఎదురైతే ఆలోచించే టైముండదు, చెయ్యి పాత దారినే పోతుంది, తీగ తిరగేసి చుట్టమంది. లోకంలో ఎక్కడా అలా ఉండదని మెకానిక్ నవ్వాడు. లోకం ఈ బోటెక్కదు, నువ్వు చుట్టు అన్నాను. చుట్టాడు. అమ్మాయి చేతిలో బోటు చేపలా పోయింది.

అన్నాళ్లూ ఆ బోటువైపు తొంగిచూడని మా పెద్దోడికి స్టీరింగు కనబడేసరికి ప్రేమ పుట్టుకొచ్చింది. వాడు జీపు డ్రైవరు, కాపురం వేరు. స్టీరింగు పట్టడం డ్రైవర్ల పని, నువ్వు డబ్బులు వసూలు చేసుకోమని చెల్లెలికి చెప్పి, సంతరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కూర్చున్నాడు. తీగ సంగతి చెప్పబోతే, నాకు నేర్పుతావేటి అని కసిరాడట.

నేను గట్టు మీదే ఉన్నాను. ఎడమ పక్క మోడు కనబడగానే వాడు కుడికి తిప్పాడు. బోటు తిన్నగా మోడు మీదికే పోయింది. అమ్మాయి మూటలు తొక్కుకుంటూ వచ్చి చక్రం గుంజుకుంది. పక్క చెక్క పగిలింది, ఒక పసుపు బుట్ట నీళ్లపాలయింది. ఆ బుట్ట తాలూకు ముసలామె గట్టు చేరేదాకా వాడి చొక్కా వదల్లేదు.

సిగ్గుపడ్డాడా అంటే అదీ లేదు. మర్నాడు మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు, తప్పుడు ఫిట్టింగు సరిచేయించడానికట. తీగ మారిస్తే బోటు వాడిదైపోతుంది, అమ్మాయి మూటల మధ్య చిల్లర ఏరుకుంటూ కూర్చోవాలి. మొగుడు పోయిన గుంట కూడు లాక్కుంటూ దానికి రిపేరని పేరు పెడతాడా!

"అందరికీ తిరిగినట్టు తిరగాల కదమ్మా" అన్నాడు మావాడు.

"అందరూ నడుపుతున్నారేటి? నీకు సేత కాలేదని సెప్పు, బాగుంటాది" అన్నాను.

మెకానిక్ స్పానర్ పట్టుకుని, ఇంతకీ బోటు ఎవరిదని మా వాడినే అడిగాడు. పక్కన అమ్మాయి నిలబడే ఉంది. నా నోరు లేచేలోపు అదే జవాబిచ్చింది.

"నాది. తీగ ముట్టుకోకు. పక్క చెక్క పగిలింది, బేగి అది బాగుసెయ్యి. కూలి మా అన్న ఇత్తాడు."

ఇచ్చాడు. ఆ తర్వాత చాన్నాళ్లు మా ఇంటికి భోజనానికి రాలేదు. రాకపోతే బియ్యం మిగిలాయి.