ఎవరినీ అడగనన్న జవాబు

ఆ సర్వే అమ్మాయి వచ్చినప్పుడు నేను ముందు గదిలో మిషన్ మీద జాకెట్లు కుడుతున్నాను. మంచిర్యాలలో మాది రైలు పట్టాల పక్క గల్లీ. మా ఆయన దుబాయ్‌లో ఉంటాడు. ఇంట్లో నేనూ, మా అత్తమ్మా.

"అక్కా, ఆడోళ్ల పరిస్థితి ఎట్లున్నదని గవర్నమెంటోల్లు సర్వే చేస్తున్నరు. జర టైం ఇస్తవా?" అంది. నాతో ఒంటరిగానే మాట్లాడాలట, రూలట. అత్తమ్మ లేచి లోపలికి పోయింది. మా రెండు గదుల మధ్య గోడకు తలుపు లేదు, పాత చీర కట్టిన కర్టెనే ఉంది.

నాకు ఆ ప్రశ్నలు నచ్చాయి. అంతవరకు నా కుట్టును పని అన్నవాళ్లే లేరు. ఆ అమ్మాయి దాన్ని పనిగానే అడిగింది, ట్యాబ్‌లో రాసుకుంది. వండేది ఎవరు, ఏం వండాలో చెప్పేది ఎవరు, జ్వరమొస్తే దవాఖానకు ఎవరితో పోతావు అని వరసగా అడిగి, "తల్లిగారింటికి పోవాలంటే ఎవరి పర్మిషన్ తీసుకుంటవక్కా?" అంది.

నాకు నవ్వొచ్చింది. "మంథని ఎంత దూరమని? బస్సెక్కుత, పోత. ఎవరినడుగుత?"

అప్పటికి అది నిజమే. బయల్దేరేముందు "పోయొస్త అత్తమ్మా" అనేదాన్ని. "పో బిడ్డా" అనేది ఆమె. అది అడగడమని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆమె మాత్రం అది అడగడమే అనుకుందని, కర్టెన్ వెనక విన్నది కొడుక్కు చెప్పిందని ఆ సాయంత్రం తెలిసింది.

మా ఆయన ఉండేది గది నిండా మనుషులున్న చోట. ఎప్పుడు ఫోన్ చేసినా గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఆ రోజు తగ్గించలేదు.

"ఎవ్వరినడగవంటగా నువ్వు? గవర్నమెంటోల్లకు సుత చెప్పినవంట. ఇగ నుంచి మా అవ్వనడుగు, నన్నడుగు. అడిగినంకనే గడప దాటు."

దానికి ఒక్క చర్చి మినహాయింపు. ఆదివారం అక్కడికి అత్తమ్మే వెంటబెట్టుకుని పోయేది.

కొన్నాళ్లకు మా బాపుకు కరీంనగర్‌లో కంటి ఆపరేషన్ అని తమ్ముడు ఫోన్ చేశాడు. అత్తమ్మను అడిగాను. "నీ మొగన్ని అడుగు" అంది. ఆయన డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ కలవలేదు. కలిసేసరికి పొద్దుపోయింది. "కంటిదే గదా, పానం మీదికి ఏం రాలే. ఆదివారం పో" అన్నాడు. నేను వెళ్లేసరికి బాపు మంథనిలో ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, నల్ల కళ్లద్దాలతో. "ఆపరేషన్‌కు రాలేవేంది బిడ్డా?" అన్నాడు. జాకెట్ల గిరాకీ ఎక్కువుండె బాపూ అని చెప్పాను. చేతితో తడిమి నా తల మీద చెయ్యి పెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

ఆ తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి పై ఆఫీసరును వెంటబెట్టుకుని. రాసినవి నిజమో కాదో చూసే పని ఆయనది. అవే ప్రశ్నలు. అత్తమ్మ నా మిషన్ పక్కనే చాప మీద కూర్చుంది. ఆయన ఆమెను లెమ్మనలేదు.

"తల్లిగారింటికి పోవాలంటే?"

"అత్తమ్మను అడుగుత. మా ఆయననడుగుత."

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "ఎవరినీ అడగదని ట్యాబ్‌ల కొట్టినవు. ఇంటికి రాకుండనే నింపినవా?"

"లేదు సార్, అక్కనే చెప్పింది."

నేను మిషన్ ఆపాను. "నేనే చెప్పిన సారు. అప్పుడు గది నిజం, ఇప్పుడు గిది నిజం. మీరొచ్చి అడిగినంకనే నాకు అడుగుడు మొదలైంది."

"గట్ల రాయరాదమ్మా. రెండిట్ల ఒక్కటే పడతది" అని ఆయన అత్తమ్మను చూశాడు.

"అడిగే పోతది సారు. మా కోడలు మంచిది" అంది అత్తమ్మ.

ఆయన దాన్నే రాయించాడు. ఎందుకు మారిందన్న ప్రశ్న వాళ్ల దగ్గర లేదు. ఆ అమ్మాయి మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి చూసింది. మళ్లీ ఆ గల్లీలో కనబడలేదు.

మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగాను. "దుబాయ్ పోయేటప్పుడు నువ్వు నన్ను అడిగినవా?" ఆయన పగలబడి నవ్వాడు. ఆ సాయంత్రం దోస్తులకు అదే చెప్పి నవ్వించాడు. సెలవయ్యాక పోయాడు. చెప్పి పోయాడు, అడిగి కాదు. నేను ఇప్పటికీ అడిగే పోతున్నాను.

మొన్న మళ్లీ ఎవరో సర్వేకు వచ్చారు. అత్తమ్మ మార్కెట్టుకు పోయింది. బయట నుంచి, "ఇంట్ల ఎవరున్నరమ్మా?" అని ఒక ఆడగొంతు పిలిచింది.

"ఎవ్వరు లేరు" అన్నాను, మిషన్ ఆపకుండానే.