నా బిడ్డ చివరిసారి సరిచేసిన పని

బిడ్డ పోయిందని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పినప్పుడు నా ఒళ్లో బిడ్డ చెప్పులున్నాయి. ఆపరేషన్‌కు తీసుకుపోయేటప్పుడు విప్పించి నా చేతికిచ్చారు. వార్డుకు మార్చగానే నేనే తొడగాలని మూడు రోజులు వాటిని పట్టుకొనే ఆ వరండాలో కూర్చున్నాను. డాక్టరమ్మ మాట వినబడింది గాని, ఆ చెప్పులు ఇంక ఎవరికియ్యాలో తెలియలేదు. పక్కనే ఉన్న మా బావ, అంటే మా ఆయన అన్న, మెల్లగా వాటిని తీసుకొని తన సంచిలో పెట్టుకున్నాడు.

నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. నా బిడ్డతో కలిసి పనిచేసినవాళ్లు ఆమె గురించి చిన్న పుస్తకం వేస్తున్నారు. "ఆమె రాసిన కోడ్ గురించి మేం రాస్తాం, ఆమె గురించి మీరు రాయండమ్మా" అన్నారు. తప్పులుంటే దిద్దుకోండి. వాళ్ల పనిలో ఎవరి తప్పు ఎవరైనా దిద్దవచ్చునట, దానికి ఎవరూ చిన్నబుచ్చుకోరట. నా బిడ్డే చెప్పింది.

మా ఊరు కొత్తకోట దగ్గర. బెంగళూరు రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడవాలి. చిన్నప్పుడు వచ్చిన జ్వరం బిడ్డ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. ఇంజినీరింగ్ చదివి హైదరాబాదులో రెండేళ్లు కొలువు చేసింది. మెట్లెక్కితే ఆయాసం రావడంతో ఇంటికొచ్చేసింది. పొద్దున కొన్ని గంటలు ఎవరిదో పని చేసి ఖర్చులకు సంపాదించుకునేది. మిగిలిన పొద్దంతా తన సొంత పని.

"గా రెండో పనికి జీతమెవరిస్తరు బిడ్డా?" అని అడిగాను ఒకనాడు.

"ఎవరియ్యరమ్మా. రాసి అందరి ముంగట పెడ్త. కావల్సినోళ్లు తీస్కపోతరు, తప్పుంటే చెప్తరు."

"మరి నీకేమొస్తది?"

"తప్పులొస్తయి," అని నవ్వింది.

ఆ పనేమిటో మా బోరు కథతో గాని నేను చెప్పలేను. మా ఆయనకు, బావకు కలిపి ఒకటే బోరు. ఒకసారి నీళ్ల దగ్గర మాటామాటా పెరిగి, ఒకరికి తెలియకుండా ఒకరు పారించుకోవద్దని ఒప్పందం చేసుకున్నారు. మోటరు స్టార్టర్ డబ్బా తాళంచెవి బావ దగ్గర, ఏ పొలానికి కావాలంటే ఆ పొలానికి నీళ్లు మళ్లించే వాల్వు తిప్పే పాన మా దగ్గర. రెండూ కలిస్తేనే నీళ్లు. పెద్దమనుషులంతా భేషన్నారు. ఆ యాసంగిలో పల్లికాయ గింజ పట్టే సమయానికి అన్నదమ్ములకు మళ్లీ అలక వచ్చింది. మా ఆయన పాన పక్కన పెట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు, అన్న తాళంచెవి తేనీ అని. బావ తాళంచెవి మొలతాడుకు కట్టుకొని వాళ్లింట్లో కూర్చున్నాడు, తమ్ముడు పాన తేనీ అని. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. బోరులో నీళ్లున్నాయి, కరెంటుంది, రెండు చేన్లూ ఎండుతున్నాయి.

నాలుగోరోజు నా బిడ్డ ఇద్దరినీ పిలిపించింది.

"పెద్దనాయినా, జర ఇను. ఎవలకు నీళ్లు గావాల్నన్నా ముందుగల తాళంచెవి తీస్కోవాలె, తర్వాతనే పాన. పాన దొరక్కపోతే చేతిల ఉన్న తాళంచెవి గూడ గోడకున్న మొలకు తగిలిచ్చి రావాలె. పట్టుకొని కూసుండొద్దు."

"ఓహో! నాలుగేండ్లు ఇంజినీరింగు సదివి తాళంచెవి యాడ తగిలియ్యాల్నో నేర్సుకున్నవా?" అన్నాడు బావ.

"గది తెల్వకనే పెద్ద పెద్ద కంపెనీల పనులు ఆగిపోతున్నయి పెద్దనాయినా. నేను పొద్దంత కంప్యూటర్ల జేసేది గిదే. ఒక్కపారే మస్తు పనులు నడుస్తుంటయి. ఒకటి తాళంచెవి పట్టుకుంటది, ఇంకోటి పాన పట్టుకుంటది."

"గట్లయితే మాకు గూడ ఇయ్యమను ఒక కొలువు. పనులు ఆపుడైతే మాకంటే మంచిగ ఎవనికొస్తది?"

మా ఆయన కూడా నవ్వాడు. ఆ సాయంత్రమే నీళ్లు పారాయి. పల్లీలు సగం తాలు పోయాయి, సగం దక్కాయి.

ఆమె అలవాట్లు నాకు మొదట్లో వింతగా ఉండేవి. కంప్యూటర్ ముందు కంటే ఇంట్లో పరిచిన నల్లబండల మీద ఎక్కువ కూర్చునేది. సుద్దముక్కతో రెండు వరుసలు రాసేది, ఎడమ దిక్కు ఒక పని నడిచే తీరు, కుడి దిక్కు ఇంకో పని నడిచే తీరు. మధ్యలో బాణాలు. ఒక వరుస మీద ఒక వేలు, ఇంకో వరుస మీద ఇంకో వేలు పెట్టి, ఒక వేలు ఆపి ఇంకోటి జరిపేది, మళ్లీ వెనక్కి తెచ్చేది. నేను చీపురు పట్టుకొని వస్తే "అమ్మా, పడమటి దిక్కు ఊడ్వు, తూరుపు దిక్కు ఇంక అయిపోలే" అనేది. కంప్యూటర్‌లోనే ఉత్తరాలు కుప్పలుగా వచ్చేవి. కొత్తగా నేర్చుకునేవాళ్లవి ముందు చూసేది. "తెలిసినోళ్లు రెండొద్దులు ఆగుతరు, తెల్వనోడు ఆగలేడు, ఇడిసిపెట్టి పోతడు" అనేది.

ఇప్పుడు ఆ ఆఖరి వారం గురించి రాయాలి. రాయకుండా తప్పించుకుందామని చూశాను గాని, అది లేకపోతే ఇందులో నిజం లేదు.

కవాటం మార్చాలన్నారు. సోమవారం వచ్చి చేరండి, ఆలస్యం చేయొద్దు అన్నారు. అంతకు రెండు రోజుల ముందు దూరదేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి ఒక దవాఖానలో రక్తపరీక్షల ఫలితాలు డాక్టర్లకు పంపే ఏర్పాటు నా బిడ్డ రాసిన దాని మీద నడుస్తున్నదట. అది ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి నిలబడిపోతున్నదట. మళ్లీ మొదలుపెడితే నడుస్తుంది, మళ్లీ ఎప్పుడో ఆగుతుంది. బిడ్డ మొహం తెల్లబోయింది.

ఆమెతో ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్న మనిషి ఒకాయన బెంగళూరులో ఉన్నాడు. మేమెవరమూ ఆయన్ని చూడలేదు, ఫోనులో గొంతు తెలుసు. బెంగళూరు సారు అనేవాళ్లం. ఆయన కంప్యూటరులో ఎన్నిసార్లు నడిపినా ఆ తప్పు రాలేదు. నా బిడ్డ పాత లాప్‌టాప్‌లో మాత్రం వేలసార్లు నడిపితే ఒకసారి వచ్చేది. కొంచెం నిదానంగా నడిచే మిషను కాబట్టి అందులోనే దొరుకుతుందట.

"వచ్చినప్పుడు పట్టుకోరాదా?" అన్నాను.

"చూద్దామని ఇంకో లైను రాస్తే రాదమ్మా. తీసేస్తే వస్తది."

"ఎలుక లెక్కనా?"

"ఎలుకనే నయం, తోక కనబడ్తది."

నవ్వుతూ అన్నది గాని పెదవులు నీలంగా ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చుంటున్నది. ఆదివారం పొద్దున నేను చార్జరు తీసి జొన్నల డబ్బాలో పెట్టాను. ఆ లాప్‌టాప్ చార్జరు లేకుండా అరగంట నిలవదు.

"అమ్మా, చార్జరియ్యి. అయిపోంగనే వస్త."

"దవాఖానల చేరు. మంచం మీద ఇస్త."

"ఆడ చేతికి సూదులు పెట్టినంక ఏం రాస్తనమ్మా? ఇయ్యి."

"కారెక్కు."

సోమవారం పోయింది. మంగళవారం పోయింది. మా ఆయన ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను బతిమాలాడు. ఆమె నాతో కొట్లాడలేదు. సుద్దముక్క తీసుకొని బండల మీద కూర్చున్నది. ఈసారి రెండు వరుసలు కాదు, మూడు రాసింది. మంగళవారం మధ్యాహ్నం వేళ్లు ఒకచోట ఆగాయి. చాలాసేపు కదలలేదు.

"దొరికిందమ్మా," అన్నది. "మూడోది మధ్యల వస్తాంది. ఇగ రాసుడే ఉన్నది. చార్జరియ్యి."

నేను నమ్మలేదు. చార్జరు కోసం అంటున్నదనుకున్నాను. నా బిడ్డ చిన్నప్పటి నుంచి నాకు అబద్ధం చెప్పలేదు. అయినా నమ్మలేదు.

బుధవారం పొద్దున బావ కారు మాట్లాడుకొని వచ్చాడు. గడప దగ్గరే నిలబడి మా ఇద్దర్నీ చూశాడు. ఆమె గోడకు ఆనుకొని ఉన్నది, నేను వంటింటి ముందు అడ్డంగా కూర్చున్నాను.

"ఏమైతాంది?"

మా ఆయన చెప్పాడు.

బావ తువ్వాల భుజం మీది నుంచి తీసి మళ్లీ వేసుకున్నాడు. "పాన ఒకరు, తాళంచెవి ఒకరు పట్టుకొని కూసున్నరా తల్లీబిడ్డలు? మాకు బుద్ధి చెప్పింది మీ ఇంట్లనే గదనే?" అన్నాడు. తిట్టినట్టు అనలేదు. "చేను గాదు పిల్లా, బిడ్డ. ఎవరన్న ఒకరు ఇడిసిపెట్టుండ్రి."

నేను లేచి జొన్నల్లో చెయ్యి పెట్టాను.

రెండు గంటలు రాసింది. నేను పక్కనే కూర్చొని వీపు రాస్తూ ఉన్నాను. ఒక్కో చోట వేళ్లు ఆగితే నా గుండె ఆగేది. అయిపోయాక పంపేసి, బెంగళూరు సారుకు ఫోను చేసింది. "నా మిషన్ మీద నడిపి చూసే టైం లేదు సార్, కారు వచ్చింది. ఇక మీరు చూసుకోవాలె" అన్నది. మాట తప్పలేదు. తనే లేచి కారెక్కింది.

దారి పొడుగునా నా భుజానికి తల ఆనించుకొని కూర్చున్నది.

"కోపమా అమ్మా?"

"నాకెందుకు కోపం?"

"రెండొద్దులు నాతోని మాట్లాడలే."

"నువ్వు మాట్లాడినవా?"

"నేను సుద్దముక్కతోని మాట్లాడిన," అన్నది.

ఆపరేషన్ ముందురోజు మంచం మీద నుంచి నా కొంగు పట్టుకొని, "సారుకు ఫోన్ జేసి, నడుస్తాందా అని అడుగమ్మా" అన్నది. "ముందుగల నువ్వు లేసి రా, నువ్వే అడుగుదువు" అన్నాను. ఆగిందని చెప్తే దిగులు పెట్టుకుంటదని భయపడ్డాను. నేను ఫోను చేయలేదు. ఆ మాట తెలియకుండానే పోయింది.

ఆ రెండు రోజులు ముందు వచ్చి ఉంటే బతికేదా అని డాక్టరమ్మను అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకొని, "చెప్పలేమమ్మా" అన్నది. లేదు, బతికేది కాదు అని ఉంటే నాకు నిద్ర పట్టేదేమో. కాని ఆమె నిజం చెప్పింది. దానికి ఆమెకు రుణపడి ఉన్నాను.

పన్నెండు రోజులైనాక బెంగళూరు సారు వచ్చాడు. బిడ్డ ఈడు మనిషి అనుకున్నాను, తలంతా నెరిసిన పెద్దాయన. రోడ్డు మీద దిగి ఎండలో నడిచి వచ్చాడు. నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టాడు.

"అమ్మా, మీ అమ్మాయి రాసింది మా దగ్గర బాగానే నడుస్తున్నది. కానీ మా మిషన్లలో తప్పు ఎప్పుడూ రాలేదు కదా. రుజువు కావాలంటే ఆమె లాప్‌టాప్‌లోనే నడపాలి. ఆగిపోయినా ఆమెకు చెడ్డపేరేమీ రాదు, మేమే చూసుకుంటాం. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్లిపోతాను."

మా ఆయన నా దిక్కు చూశాడు. నేను పోయి లాప్‌టాప్ తెచ్చాను. బండల మీద ఆ మూడు వరుసలు అట్లాగే ఉన్నాయి. సారు చెప్పులు బయటే విడిచి, ఆ వరుసలు తొక్కకుండా గోడ పక్క నుంచి వచ్చి కూర్చున్నాడు. వంగి, చాలాసేపు ఆ బాణాలు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

తెర మీద ఒక అంకె మొదలైంది. ఒకసారి సరిగ్గా నడిస్తే ఒకటి పెరుగుతుంది. ఆగిపోతే అంకె నిలబడుతుంది. ఇదివరకు పదివేలు దాటకముందే ఆగేదని చెప్పాడు.

అన్నం తినమన్నారు, నేను లేవలేదు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు ఏమిటో అడగకుండానే నా చుట్టూ కూర్చున్నారు. ఏడు వేల దగ్గర అంకె రెప్పపాటు నిలిచినట్టయింది. సారు ముందుకు వంగాడు. మళ్లీ కదిలింది. తొమ్మిది వేలు. పదివేలు. పొలం నుంచి వచ్చిన బావ బురద కాళ్లతో గడప అవతలే నిలబడ్డాడు.

"ఆగిందా?"

"ఆగలే బావా."

"ఎంత దాక?"

"ఇరవై వేలు దాటింది," అన్నాడు సారు. "ఇంక చాలమ్మా, ఆపేయొచ్చు."

"ఉండనియ్యండి," అన్నాను.

సాయంత్రం దాకా ఎవరూ దాన్ని ఆపలేదు. పని చేసి చేసి లాప్‌టాప్ వేడెక్కింది. దాని పక్కన సన్నటి సందులోంచి గాలి వస్తున్నది. అక్కడ చెయ్యి పెట్టాను. వెచ్చగా, ఆగకుండా, అరచేతికి తగులుతూనే ఉంది.