అక్క దాటిన వంతెన

చిన్నప్పుడు ఆమెను ఇంట్లో అందరూ ‘కుదురు’ అని పిలిచేవారు. వెక్కిరింపుకే. కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. తల్లి పోయాక ఆమెను పెంచింది అక్క. జడ వేయాలంటే దువ్వెన పట్టుకుని గదులన్నీ వెంటబడాల్సి వచ్చేది.

ఆ పిల్లే పెద్దయ్యాక ఇంజనీరై, ఊగే కట్టడాల ఊపు తగ్గించే ఉద్యోగంలో చేరింది. అక్క కడుపుబ్బ నవ్వింది. “నువ్వే ఓ చోట ఉండవు, వంతెనల్ని ఏం ఉంచుతావే?”

అక్క దర్జీ. ఇల్లు ఏటికి ఇవతల, కొట్టు అవతల. మధ్య కొత్త నడక వంతెన, ఉక్కు తాళ్లకు వేలాడే సన్నటిది. జనం లేనప్పుడు బుద్ధిగా ఉండేది. పొద్దుటి రద్దీలో పక్కలకు ఊగేది. అది కాస్త కదలగానే తూలకుండా అందరూ కాళ్లు ఎడంగా వేసేవారు. ఆ అడుగులే దాన్ని ఇంకా తోసేవి. అసలే చెవి జబ్బుతో కళ్లు తిరిగే అక్క, ఒకరోజు నడిమధ్యలో కమ్మీ పట్టుకుని కూలబడిపోయింది. ఎవరో లేవదీసి ఒడ్డు చేర్చారు. మళ్లీ కొట్టుకు వెళ్లలేదు.

వంతెన ఊపు తగ్గించే పని కుదురు చేతికే వచ్చింది. వంతెన కింద బరువైన ఉక్కు దిమ్మను కడ్డీలతో వేలాడదీసింది. వంతెన ఒకవైపు పోతే దిమ్మ వెనకబడి ఎదురు లాగుతుంది. దిమ్మకు పక్కన బిగించిన, నూనె నింపిన గొట్టం ఆ ఊపును మింగేస్తుంది. తోటివాళ్లతో నడిచి చూస్తే బాగానే ఉంది. తీరా రద్దీ వేళ మళ్లీ పాత పాటే.

కమ్మీ వెంట ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ ఆమె ఆలోచించింది. జనం బరువుకు వంతెన ఊగే వేగం నెమ్మదిస్తుందని తెలియక కాదు, ఇంతమంది వస్తారని అనుకోలేదు. దిమ్మ ఊపు ఆ నెమ్మదికి జత కలవడం లేదు. ఉసూరుమంటూ ఇంటికెళ్లి, లెక్క మళ్లీ వేసి, దిమ్మ కూడా అంతే నెమ్మదిగా ఊగేలా కడ్డీలు పొడవు చేయించింది. ఈసారి రద్దీలోనూ వంతెన మాట విన్నది.

“అక్కా, రా, దాటుదాం.”

“చంపినా రాను.”

“నేనుంటాగా.”

“నువ్వు బాగుచేసింది కదా అనే భయం!”

అంటూనే చెప్పులు వేసుకుంది. చెల్లెలి మణికట్టు గోళ్లు దిగేలా పట్టుకుని, కళ్లు మూసుకుని నడిచింది. మధ్యకు చేరేసరికి చుట్టూ జనం.

“కదిలిందే!”

“కదిలిందక్కా. కాస్త కదులుతుంది. పెరగదు, చూడు.”

ఇద్దరూ అక్కడే ఆగారు. జనం పక్కనుంచి సర్దుకుంటూ పోతున్నారు. పాదాల కింద అదురు వచ్చింది, తగ్గింది. అక్క ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. మణికట్టు మీద పట్టు మెల్లగా సడలింది. కానీ చెయ్యి వదల్లేదు. చెల్లెలూ వదిలించుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు కదలకుండా నిలబడటం ఆమెకు అదే మొదలు.

కొట్టు తలుపు తీస్తే లోపలంతా బూజు. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది.

“చూస్తావేం? చీపురందుకో,” అంది అక్క, కొంగు నడుముకు దోపుకుంటూ.