ఏడు గంటల తలుపు

ఎన్నికల రోజున మా మెథడిస్టు చర్చి కింది హాల్లో సాయంత్రం ఏడు కాగానే తలుపు మూసేది వెల్డా క్రౌచ్. ఇరవై ఆరేళ్లుగా ఆ పని ఆమెదే. ఆరూ యాభై తొమ్మిదికి వచ్చి వరుసలో నిలబడ్డవాడు ఎంత పొద్దుపోయినా ఓటు వేసే వెళ్తాడు. ఏడూ ఒకటికి వచ్చినవాడు గవర్నరు బావమరిదైనా సరే, వచ్చిన దారిన వెళ్లాల్సిందే. ఒక ఏడు ఆమె సొంత తమ్ముడు లైల్ ఏడూ నాలుగుకి రొప్పుకుంటూ వచ్చాడు. దారిలో ట్రక్కు టైరు పేలిందట.

"అక్కా, నేనే" అన్నాడు.

"నువ్వేనని కనబడుతూనే ఉంది" అని గొళ్లెం పెట్టేసింది. ఆ ఏడు థాంక్స్ గివింగ్ పండగ భోజనానికి లైల్ రాలేదు. వండిన టర్కీ కోడిని వెల్డా వారం పాటు ఒక్కతే తింది. బాధ పడలేదని కాదు. మళ్లీ వస్తే మళ్లీ మూస్తానని మాత్రం అందరికీ చెప్పింది.

ఇలాంటి మనిషితో ఒక పూట గడపడం కష్టం. ఇలాంటి మనిషి ఒక్కరైనా లేకపోతే ఊరు గడవడం కష్టం. అరవై ఒకటో ఏట ఆ మనిషి కాలేజీలో చేరింది.

వెల్డా పగలంతా ధాన్యం గోదాము ముందర కాటా గదిలో కూర్చుంటుంది. మొక్కజొన్న, సోయా లారీలు వచ్చి కాటా మీద ఆగుతాయి, ఆమె తూకం చీటీ రాసిస్తుంది. ఆ కుర్చీ నిజానికి వాళ్ల నాన్నది. పంతొమ్మిది వందల ఎనభై మూడులో ఆయన ఆ కుర్చీలోనే కుప్పకూలాడు. అప్పుడు వెల్డా రెండేళ్ల కాలేజీ చదువు చివర్లో ఉంది, ఒక్క సబ్జెక్టు మిగిలింది. నాన్న కోలుకునేదాకా అని వచ్చి కూర్చుంది. నాన్న కోలుకోలేదు, ఆమె లేవలేదు. ఆ మిగిలిన సబ్జెక్టు అమెరికా ప్రభుత్వం, రాజనీతి శాస్త్రం తొలి పాఠాలు. అది లేనిదే మా దగ్గర పట్టా ఇవ్వరు.

ఆ ఏడు వేసవిలో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. పాత మార్కులు ఈ డిసెంబరు దాకానే చెల్లుతాయి, పనిచేసుకునే వాళ్ల కోసం పెట్టిన సాయంత్రం తరగతి కూడా ఇదే ఆఖరు. ఉత్తరాన్ని కాటా గదిలో మేకుకి గుచ్చి రెండు రోజులు చూసింది. మూడో రోజు ఇరవై రెండు మైళ్లు కారు నడుపుకుంటూ జిల్లా కేంద్రానికి వెళ్లి ఫీజు కట్టి వచ్చింది.

ఈ మాట మొదట గార్లండ్ పైక్‌కి చెప్పింది. గార్లండ్ పందులు పెంచి పెంచి మానేసిన ముసలాయన, పుట్టు రిపబ్లికన్. వెల్డా డెమొక్రాట్. మా పల్లెల్లో డెమొక్రాట్‌ని వెతకడమంటే మంచులో తెల్లకోడిని వెతకడమే. ఓట్ల బల్ల దగ్గర రెండు పార్టీల మనుషులూ సమానంగా కూర్చోవాలని చట్టం. అందుకని ఆ బల్లకి అటు గార్లండ్, ఇటు వెల్డా. ఒకరు లేస్తే రెండోవారు ఒక్క చీటీ కూడా ఇవ్వకూడదు. పోలింగ్ అయ్యాక ఓట్ల పెట్టెను జిల్లా కేంద్రంలోని కోర్టుకి చేర్చేటప్పుడూ ఇద్దరూ ఒకే కారులో వెళ్లాలి.

"ఇరవై ఆరేళ్లుగా ఆ ప్రభుత్వమేదో మనిద్దరమే నడుపుతున్నాం. ఇంకా దాని గురించి చదివేదేముంది?" అన్నాడు గార్లండ్.

"వండేవాళ్లు వంటల పుస్తకం చదవకూడదా?"

"మా ఆవిడ చదివిన ఏడే చిల్లీ కూర పాడుచేసింది."

తరగతిలో ఇరవై ముగ్గురు. సగానికి పైగా పంతొమ్మిదేళ్ల పిల్లలు. చెప్పేది ఎమెట్ లారిమర్, ముప్పై మూడేళ్లవాడు. మూడు కాలేజీల్లో పాఠాలు చెబుతూ రోజంతా రోడ్డు మీదే బతుకుతాడు, కారులోనే తింటాడు, చొక్కా మీద ఎప్పుడూ ఆవాల సాసు మరక. మనిషి మంచివాడు. పాఠం ఒంటికి పట్టాలని సిలబస్‌ను రాజ్యాంగంలా రాశాడు. పీఠిక, అధికరణాలు, చివర్లో ఒక సవరణ అధికరణం: తరగతికి వచ్చినవారిలో మూడింట రెండు వంతుల మంది రహస్య ఓటుతో ఒప్పుకుంటే ఇందులో ఏ నియమాన్నయినా మార్చవచ్చు. నాలుగేళ్లలో దాన్ని వాడినవాడు లేడు. చదివినవాడూ లేడేమో. వెల్డా మాత్రం పెన్సిలుతో గీతలు గీస్తూ చదివింది.

ఒక గురువారం లారిమర్, ఓట్ల లెక్కని మనం ఎందుకు నమ్మాలని అడిగాడు. పిల్లలు యంత్రాల గురించి ఏవేవో చెప్పారు. వెల్డా ఒకే కారు సంగతి చెప్పింది.

"పడనివాళ్లిద్దరూ ఇరవై రెండు మైళ్లు ఏం మాట్లాడుకుంటారు?" అని వెనక బెంచీ నుంచి వెస్లీ అనే కుర్రాడు అడిగాడు.

"హీటరు గురించి. ఆయన వెయ్యమంటాడు, నేను వద్దంటాను."

"ఎవరికి ఓటేశారో అడగరా?"

"పార్టీ అందరికీ తెలిసిందే. లోపల చీటీ మీద ఏం గీశాడన్నది ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు. అడిగితే కారు దిగి నడిచి పోవాలి."

అందరూ నవ్వారు. మూడో వరుసలో ట్రీనా మాత్రం నవ్వకుండా పుస్తకంలో ఏదో రాసుకుంది. ట్రీనాకి ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి స్నానాలు చేయిస్తుంది, డ్యూటీ దుస్తుల్లోనే తరగతికి వస్తుంది.

చిక్కల్లా పరీక్ష తేదీతో వచ్చింది. నవంబరు మొదటి వారంలో మంగళవారం, సాయంత్రం ఆరు. నూటికి నలభై మార్కులు దానివే. తప్పిపోయినవారికి మళ్లీ పెట్టబడదని నాలుగో అధికరణం. ఆ మంగళవారమే ఎన్నికలు. ప్రభుత్వం గురించి పాఠం చెప్పేవాడు ఎన్నికల రోజునే పరీక్ష పెట్టడమేమిటంటే, నిరుటి కాగితం మీద తేదీలు దిద్దేటప్పుడు వారాలే చూశాడు, కేలండరు చూడలేదు. అక్కడి పిల్లల్లోనూ ఎవరికీ తట్టలేదు.

వెల్డా మొదటి వారంలోనే చూసింది. చూసి నోరెత్తలేదు. జిల్లా కార్యాలయానికి వెళ్లి, తన బదులు కూర్చునే డెమొక్రాట్ ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్న ఒక్కావిడకీ తుంటి ఆపరేషనట. సున్నా వస్తే సబ్జెక్టు పోయినట్టే, సబ్జెక్టు పోతే నలభై ఏళ్ల పట్టా పోయినట్టే. ఈ సంగతి కూడా గార్లండ్‌కే చెప్పింది.

"ఆ పిల్ల పంతుల్ని అడిగితే వేరే రోజు పెడతాడుగా" అన్నాడు గార్లండ్.

"లైల్‌కి తలుపు తీశానా?"

"అది వేరు."

"ఎట్లా వేరు?"

గార్లండ్, "నీ అంత మొండిదాన్ని నా పందుల్లో కూడా చూళ్లేదు" అన్నాడు. ఆయన నోట అంతకుమించిన మెప్పు రాదు.

ఎన్నికల రోజు రానే వచ్చింది. పొద్దున ఆరూ ఇరవైకి, ఇంకా చీకటి ఉండగానే, లారిమర్ చర్చి మెట్లు దిగి వచ్చాడు. వాగు పక్కన పాత పాలేరు ఇంట్లో అద్దెకుంటున్నాడు, కనుక ఓటు ఇక్కడే. బల్ల వెనక వెల్డాను చూసి ముఖం విప్పార్చాడు.

"పేరు?" అంది వెల్డా.

"నేనేనండీ."

"పేరు, చిరునామా చెప్పండి."

చెప్పాడు, సంతకం పెట్టాడు, ఓటు వేసి వచ్చాడు. వెళ్లబోతూ, "సాయంత్రం కలుద్దాం వెల్డా గారూ, బాగా చదివారా?" అన్నాడు.

"చదివాను. ఇక్కడ ఏడింటికి మూస్తాం."

లారిమర్ మెట్టు మీద కాలు పెట్టినవాడు అట్లాగే ఆగిపోయాడు. తేదీ అప్పుడు తట్టింది పాపం. చెవులు ఎర్రబడ్డాయి. "అయ్యో, ముందే చెప్పకూడదా? మీకు గురువారం పెడతాను, దానికేముంది" అన్నాడు.

"నాకొక్కదానికా?"

"మీకొక్కరికే."

"అట్లా వద్దు సార్. మారిస్తే అందరికీ మారాలి, లేకపోతే లేదు."

"తప్పు నాది. మీరెందుకు నష్టపోవాలి?"

"రాసింది మీరు. మార్చే దారి కూడా మీరే రాశారు, చివరి పేజీలో" అని ఆయన వెనక నిలబడ్డ రైతు వైపు తిరిగి, "పేరు?" అంది.

ఆ సాయంత్రం తరగతిలో జరిగింది ఊరందరికీ తర్వాత తెలిసింది. లారిమర్ తన పొరపాటు ఒప్పుకుని సవరణ ముందు పెట్టాడు. పనివల్ల గాని, ఇంట్లో ఆపదవల్ల గాని పరీక్షకు రాలేనివారు ఎవరైనా తర్వాతి తరగతిలో వేరే ప్రశ్నపత్రం రాయవచ్చు. వెస్లీ లేచి సరేనన్నాడు. ట్రీనా లేచి వద్దంది.

"నేను డ్యూటీ మార్చుకుని, పిల్లల్ని పక్కింట్లో పడేసి వచ్చాను. భోజనం మానేసి చదివాను. ఆమెకి ఇంకో రెండు రోజులు చదువుకునే వీలేంటి? నాకెవరిచ్చారు రెండు రోజులు? ఆమె మంచిదని నాకూ తెలుసు. మంచిదైతే మాత్రం?"

ఆ మాటకి ఎదురు చెప్పడం తేలిక కాదు. ట్రీనాతో కలిపి ఎనిమిది మంది వద్దన్నారు. వచ్చింది ఇరవై ఇద్దరు, సవరణ నెగ్గాలంటే పదిహేను ఓట్లు రావాలి. చీటీలు చింపి, పాప్‌కార్న్ డబ్బాలో వేశారు. లెక్క తాను చూడనన్నాడు లారిమర్. అప్పుడు వెస్లీ అన్నాడు, "వెల్డా గారు చెప్పారు కదా, పడనివాళ్లిద్దరూ ఒకే కారులో తీసుకెళ్లాలని." అందరూ పరీక్ష రాశారు. డబ్బా బల్ల మీద అట్లాగే ఉంది. పరీక్ష అయ్యాక ట్రీనా, వెస్లీ కలిసి ట్రీనా కారులో మూడు మైళ్లు వెళ్లి, వెల్డా వాళ్లు ఓట్ల పెట్టె తెచ్చే కోర్టు ముందర నిలబడ్డారు.

గార్లండ్ పికప్ ఎనిమిదిన్నరకి వచ్చింది. ముందు అసలు పెట్టె లోపలికి వెళ్లింది, ఇద్దరూ సంతకాలు పెట్టి బయటికొచ్చారు. ట్రీనా డబ్బా చూపించి సంగతి చెప్పింది.

వెల్డా చేయి చాపబోయి వెనక్కి తీసుకుంది. "ఇది నా వ్యవహారం. నేను ముట్టుకోను" అని వెళ్లి జెండా కర్ర దగ్గర అటు తిరిగి నిలబడింది. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుంది. ఆ చేతులు ఎట్లా ఉన్నాయో ఎవరికీ కనబడలేదు.

గార్లండ్ పికప్ బానెట్ మీద టోపీ తిరగేసి పెట్టి, డబ్బాలోని చీటీలు అందులో పోసి, ఒక్కోటీ తీసి పైకి చదివాడు. సరే, సరే, వద్దు, సరే. ట్రీనా ఒక పక్క, వెస్లీ ఒక పక్క గీతలు గీశారు. ఆఖరి చీటీకి ముందు సరే పధ్నాలుగు, వద్దు ఏడు. గార్లండ్ కళ్లద్దాలు తుడుచుకుని ఆఖరిది విప్పాడు.

"సరే."

రెండోసారి లెక్కపెట్టారు. అంతే. వెస్లీ నుదురు చిట్లించి, "తరగతిలో వద్దన్నది ఎనిమిది మంది కదా, మరి..." అన్నాడు.

"కాగితం మీద ఉన్నదే లెక్క, బాబూ" అన్నాడు గార్లండ్.

ట్రీనా చీటీలన్నీ డబ్బాలో వేసి మూత బిగించింది. జెండా కర్ర దాకా నడిచి వెళ్లి, "గురువారం ఆరింటికి మీ పరీక్ష. చదువుకోండి" అని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

వెల్డాకి ఎనభై ఆరు వచ్చాయి. డిసెంబరు చివరి పరీక్ష రోజున ట్రీనా చిన్న కొడుక్కి జ్వరం తగిలి, ఆ సవరణ కిందే ఆమె తర్వాత రాసుకుంది. పట్టా జనవరిలో టపాలో వచ్చింది. దానికి చట్రం చేసిచ్చింది తమ్ముడు లైల్. వెల్డా దాన్ని కాటా గదిలో నాన్న కుర్చీ పైన తగిలించింది. లారీవాళ్లు "ఇకనుంచి మా మొక్కజొన్నలు బరువు ఎక్కువ తూగుతాయా?" అని ఏడిపిస్తుంటే, "చదువుకున్నాను కదా, ఇంకా కచ్చితంగా తూస్తాను" అంటుంది. నలభై ఏళ్లు ఆగి తెచ్చుకున్న కాగితం అది. దాన్ని చూసినప్పుడల్లా మా ఊరివాళ్లకి కూడా కాస్త గర్వంగానే ఉంటుంది.

ఏప్రిల్లో ఊరి ఎన్నికలు వచ్చేసరికి గార్లండ్ మోకాళ్లు మొరాయించాయి. ఆయన బదులు రిపబ్లికన్ల తరఫున బల్ల దగ్గరికి ట్రీనా వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు, తానే వెళ్లి పేరు రాయించుకుంది. గార్లండ్ భార్య చేసిన చిల్లీ, దాల్చినచెక్క రొట్టెలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి.

సాయంత్రం ఏడు కావస్తుండగా వెల్డా సంతకాలు సరిచూస్తోంది. "తలుపు చూడు" అంది ట్రీనాతో. గోడ గడియారం ఏడు కొట్టింది. ట్రీనా వాకిట్లోకి తొంగిచూసింది, ఎవరూ లేరు. తలుపు మూయబోతుండగా కారు ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ఒంటి చేత్తో సగం తిన్న శాండ్‌విచ్ పట్టుకుని లారిమర్ మెట్లు దిగాడు. అప్పటికి ఏడూ రెండు.

ట్రీనా వెనక్కి తిరిగి వెల్డా వైపు చూసింది. వెల్డా తల ఎత్తలేదు.

"ఏడు దాటింది సార్" అంది ట్రీనా, తలుపు మూసి గొళ్లెం పెట్టింది. తలుపు అద్దంలోంచి లారిమర్ ఆమెను చూశాడు, తన గడియారం చూసుకున్నాడు. శాండ్‌విచ్ ఉన్న చేయి పైకెత్తి దండం పెట్టినట్టు ఊపి, వెళ్లిపోయాడు.

ఓట్ల పెట్టె వెనక సీట్లో పెట్టుకుని బయలుదేరారు. ట్రీనా నడుపుతోంది.

"సారు నాకు మంచి మార్కులే వేశాడు. గొళ్లెం పెట్టబుద్ధి కాలేదు."

"కాకపోనీ. పెట్టావుగా."

పది మైళ్లు దాటారు. బయట దున్నిన పొలాల మీద ఇంకా చలి ఉంది.

"వెల్డా గారూ, ఆ రోజు ఆ డబ్బాలో నేను వేసిన చీటీ..."

"చెప్పకు."

"మీకు తెలుసుకోవాలని లేదా?"

"ఉంది. అయిదు నెలలుగా ఉంది. చెప్పకు." వెల్డా కోటు దగ్గరగా లాక్కుంది. "చలిగా ఉంటే ఆ హీటరు వేసుకో."

ట్రీనా హీటరు వేసింది.