మనకి ఆకలేత్తంది

వరసకి బామ్మర్ది అయ్యే మా త్రినాథ్ నోట "నేను", "నాకు" అన్న మాటలు విన్నవాళ్లు అనకాపల్లిలో లేరు. వాడికంతా "మనం", "మనకి". జొరం వాడికొస్తే "మనకి జొరం" అంటాడు. చెప్పు వాడిది తెగితే "మన చెప్పు తెగింది బావా" అంటాడు, నేను వంగి నా చెప్పులు చూసుకోవాలి.

ఒకసారి నూకాలమ్మ మొక్కుందని, గుండు చేయించుకోడానికి నన్ను తోడు రమ్మన్నాడు. సెలూన్లో పక్క కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నాను. వీడు కత్తి పట్టుకున్న పైడిరాజుతో "మనకి గుండు కొట్టీ" అన్నాడట. మెలకువొచ్చేసరికి నా తల సగం నున్నగా ఉంది.

"మొక్కు నీది కదరా?"

"మనదే బావా."

మిగతా సగం ఉంచుకుని మాత్రం ఏం చేసుకోను, అదీ గీయించేసుకున్నాను.

నాకు బెల్లం మార్కెట్ దగ్గర గోనెసంచుల కొట్టుంది. మా ఆవిడ శ్రీదేవి జబ్బు చేసి పోయాక ఇంట్లో ఉండబుద్ధేసేది కాదు. పొద్దున్నే కొట్టు తెరిచి ఊరికే కూర్చునేవాణ్ణి. తిండి మీద ధ్యాసే ఉండేది కాదు. తొమ్మిదయ్యేసరికి వీడు ఊడిపడేవాడు.

"బావా, మనకి ఆకలేత్తంది."

"నాకు లేదు."

"మనకుంది. లెగు."

బుల్లమ్మ టిఫిన్ బండి దగ్గరికి లాక్కెళ్లి రెండు ప్లేట్ల ఇడ్లీ చెప్పేవాడు. తను మాత్రం ఒక్క ఇడ్లీని చిదుపుతూ కూర్చుని, మిగతావి నా ప్లేట్లోకి తోసేవాడు. "మనం పారేత్తే బుల్లమ్మ తిడతాది" అనేవాడు. ఆకలని ప్రాణం తీసిన మనిషి తినడేమిటని నాకు ఒళ్లు మండేది.

వీడికి ఓ కంపెనీ ఉంది. కాఫీలో కలుపుకునే బెల్లం పొడి చేస్తాడు. దాని పేరు 'మనబెల్లం', ఇంకేం పెడతాడు? ఫిన్లాండ్‌లో జనం కాఫీ తెగ తాగుతారని, అక్కడ కొత్త కంపెనీ పెట్టేవాళ్లకి ఉండడానికి పర్మిట్ ఇస్తారని విని అప్లై చేసేడు. ఇంటర్వ్యూ రోజున వాళ్లింట్లో కరెంటు పోయింది. నా కొట్లో గోనెసంచుల మీద ల్యాప్‌టాప్ పెట్టేడు.

"ఇది గాని పోయిందంటే మన కంపెనీకి తాళమే బావా," అన్నాడు.

తెర మీద తెల్లావిడ ఏమడిగినా వీడు "వుయ్" అనే మొదలెట్టేడు. వుయ్ స్టార్టెడ్, వుయ్ విల్ కమ్, వుయ్ ఆర్ అన్‌మారీడ్. ఆవిడకి అనుమానమొచ్చి, ఇంతకీ ఎంతమంది వస్తున్నారని అడిగింది.

"వుయ్ ఆర్ వన్, మేడమ్."

ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. టీమ్ లేకుండా ఒక్కడే అయితే కుదరదంది. వీడి మొహం మాడిపోయింది. గబుక్కున ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "వుయ్" అన్నాడు.

కంపెనీలో మీరేం చేస్తారని ఆవిడ నన్నడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో ఉన్నమాట చెప్పేను.

"సిట్టింగ్, మేడమ్. డైలీ."

ఆవిడ నవ్వేసింది. నన్ను పార్ట్‌నర్‌గా చేర్చి కాగితాలు మళ్లీ పంపేం. పర్మిట్ వచ్చింది. అక్కడ అమ్మడం వాడి పని, ఇక్కణ్ణుంచి సరుకు పంపడం నా పని. "మనం ఎల్తన్నాం బావా" అని ఊరంతా చెప్పి, విమానం మాత్రం వాడొక్కడే ఎక్కేడు.

వాడెళ్లాక తొమ్మిదయ్యేది, కొట్లోకి ఎవడూ వచ్చేవాడు కాదు. చాలా ఒంటరిగా అనిపించింది, చెప్పుకోడానికి సిగ్గెందుకు? ఓ రోజు ఉండబట్టలేక బుల్లమ్మ బండికి వెళ్లేను.

"ఒక్కరే వచ్చేరేటి బాబూ?" అంది. "ఆ బాబు ఉన్నప్పుడు బాగుండీది. తెల్లారగానే వచ్చి కడుపునిండా తినీసి ఎల్లీవోరు. మళ్లీ తొమ్మిదింటికి మిమ్మల్ని ఎంటబెట్టుకొచ్చీవోరు."

"అదేమిటి, ఆకలంటూ నన్ను చంపేవాడే?"

"ఆకలేటి బాబూ! నానూ అదే అడిగేను. 'నువ్వు తిను అంటే మా బావ తినడు బుల్లమ్మా, మనకి ఆకలంటే వత్తాడు' అనీవోరు."

ప్లేట్లో ఉన్న ఇడ్లీలన్నీ తినేసేను. నీళ్లు తాగి, వెధవని మనసులో తిట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం భోంచేసి ఫోన్ చేసేను. అక్కడ అప్పుడే పొద్దున్న. వీడియోలో వాడి వెనక కిటికీ అంతా మంచు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏటైనా తిన్నావా?"

"లేదు బావా. మాటాడ్డానికి మనిషి లేడు. రాత్రీ తిన్లేదు. నాకు తినబుద్ధెయ్యట్లేదు."

నాకు, అన్నాడు. ఇన్నేళ్లలో వాడి నోట ఆ మాట వినడం అదే మొదలు. నాకు భయమేసింది. అప్పుడే పప్పుచారుతో పీకలదాకా తిని ఉన్నాను. అయినా అన్నాను.

"త్రినాథూ, మనకి ఆకలేత్తంది."

వాడు ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "నువ్వు తిన్లేదా?" అన్నాడు.

"మనం తిన్లేదు. లెగు, పొయ్యి ఎలిగించు."

ఫోన్‌ని దేనికో ఆనించి, ముక్కు తుడుచుకుంటూ ఉప్మా చేసేడు. నేను ఓ అరటిపండు ముందు పెట్టుకుని, చిదుపుతూ కూర్చున్నాను. వాడు ఓ ముద్ద నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టేడు.

"బావా, మనకి ఉప్పు తక్కువైంది."

"ఏసుకుందాం," అన్నాను.